టీచరమ్మ, నర్సమ్మ... ఆ తర్వాత?

ఫిబ్రవరి వచ్చిందంటే ఖమ్మంలో పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు చుట్టాల తాకిడి మొదలవుతుంది. నిజం చుట్టాలు కారు లెండి, ప్రైవేటు జూనియర్ కాలేజీల పి.ఆర్.ఓ.లు! చేతిలో రంగురంగుల పాంప్లెట్లు, నోట్లో "మీ పాప చాలా బ్రైట్ మేడమ్, ఫీజులో కన్సెషన్ ఇప్పిస్తా" అన్న మాట. పాప ఇంకా పరీక్షలే రాయలేదు. అయినా సోఫాలో కూర్చుని కాఫీ తాగే పది నిమిషాల్లో ఎం.పి.సి.నా, బైపీసీనా అన్నది తేలిపోతుంది. సీటు 'బుక్' అయిపోతుంది. పాపకు ఏమిష్టమో ఆయన అడగడు. చాలాసార్లు మనమూ అడగం.

పట్నాల్లో కెరీర్ గైడెన్స్ అంటే ఇదీ. బాగుందని కాదు గానీ, ఎవరో ఒకరు గుమ్మం ఎక్కి 'పిల్లను ఏం చదివిస్తారు?' అనైనా అంటున్నారు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా సుమారు 120 కిలోమీటర్లు పోతే భద్రాచలం. అక్కణ్ణించి దుమ్ముగూడెం, చర్ల దారి పడితే రోడ్డుకు ఒక పక్క గోదావరి, ఇంకో పక్క ఛత్తీస్‌గఢ్ దాకా అడవి. ఆ దారిలోని గూడేలకు పి.ఆర్.ఓ. కూడా రాడు. వచ్చినా అతను అమ్మే సరుకు కొనే స్తోమత అక్కడ లేదు కదా!

మా వారి ఉద్యోగం మూలంగా నాలుగేళ్లుగా భద్రాచలంలో వుంటున్నాం. నేను కథలు రాస్తానని ఎవరో చెబితే, దగ్గర్లోని ఒక బాలికల ఆశ్రమ పాఠశాల హెడ్మిస్ట్రెస్ గారు "మా పిల్లలతో ఒక గంట మాట్లాడండమ్మా" అని పిలిచారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు. ఎక్కువమంది కోయ అమ్మాయిలు, కొందరు లంబాడా, కొండరెడ్డి పిల్లలు. కథ చెప్పడం అయ్యాక తలా ఒక చీటీ ఇచ్చి 'పెద్దయ్యాక ఏమవుతారు?' అని రాయమన్నాను. పేరు రాయనక్కర్లేదన్నాను.

సగానికి పైగా చీటీల్లో టీచర్. తర్వాత నర్సు, ఏ.ఎన్.ఎం., పోలీసు. ఒకమ్మాయి 'ఫారెస్టు సార్' అని రాసింది. సార్ ఏమిటి అని అందరూ నవ్వారు గానీ, నేను ఆలోచనలో పడ్డాను. ఆ వుద్యోగంలో ఆడమనిషిని ఆ పిల్ల చూసి వుండదు. అందుకే ఆ కొలువుకు ఆమె దగ్గరున్న పేరు 'సారే'. రెండు మూడు చీటీలు ఖాళీగా వచ్చాయి.

టీచరు కావాలనుకోవడం తప్పని ఎవరంటారు? నాకు తట్టింది వేరే సంగతి. పిల్లలు తాము చూసిన మనుషుల్నే రాశారు. బళ్లో టీచరమ్మ, వూళ్లో టీకాలు వేసే ఏ.ఎన్.ఎం. అమ్మ, దారిలో చెక్‌పోస్టు దగ్గర పోలీసు. అంతే, వాళ్ల ఉద్యోగాల ప్రపంచం.

గేటు లోపల ఏముంది?

విచిత్రం ఏమిటంటే, ఇది ఫ్యాక్టరీలు లేని మూల కాదు. గోదావరికి ఇవతలి గట్టున సారపాకలో ఐ.టి.సి. పేపరు మిల్లు పొగ గొట్టాలు భద్రాచలం గుడి దగ్గర నుంచే కనిపిస్తాయి. మణుగూరులో సింగరేణి బొగ్గు గనులు, ఆ పక్కన అశ్వాపురంలో భారజల కర్మాగారం, పాల్వంచలో 1960ల నుంచి నడుస్తున్న థర్మల్ విద్యుత్ కేంద్రం, అశ్వారావుపేటలో పామాయిల్ ఫ్యాక్టరీ, వ్యవసాయ కళాశాల. ఇన్ని కళ్లెదుట పెట్టుకుని మన పిల్లలు 'టీచర్' అని రాస్తున్నారంటే ఆ గేట్ల లోపల ఎవరుంటారో, ఏం చేస్తారో వాళ్లకు ఎవరూ చెప్పలేదన్నమాట. లారీలు లోపలికి పోవడం, కూలీలు బయటికి రావడం... వాళ్లకు కనిపించేది ఇదే.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఈ చుట్టుపక్కల రైతులు చాలామంది జామాయిల్ వేస్తారు. ఆ మొక్కలు మామూలు విత్తనం మొక్కలు కావు, 'క్లోన్'లు. నిటారుగా, ఒకే తీరున పెరిగే చెట్టును ఎంచి, దాని కొమ్మ ముక్కల నుంచి పెంచినవి. పేపరు మిల్లు వాళ్లు 1980ల చివర్లో మొదలుపెట్టిన ఆ పనికి 'భద్రాచలం క్లోన్లు' అని దేశమంతా పేరు వచ్చింది. వూరి పేరే పెట్టారు చూడండి! ఆ మొక్కలు నాటే కూలికి మన గూడెం తల్లులు వెళ్తూనే వుంటారు. కానీ ఆ మొక్కను తయారుచేయడం ఒక చదువనీ, దానికి బైపీసీ తర్వాత వ్యవసాయమో, అటవీశాస్త్రమో చదవాలనీ ఆ తల్లికి గానీ కూతురికి గానీ చెప్పిన వాళ్లు లేరు. అటవీశాస్త్రం చదువు మన రాష్ట్రంలోనే ములుగులో వుంది. మన పక్కనున్న సమ్మక్క సారలమ్మల ములుగు అనుకునేరు, ఇది సిద్దిపేట జిల్లా ములుగు! మన పక్క ములుగులో వచ్చింది కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది. పేర్ల తికమక మనకు కొత్త కాదు లెండి. 'భద్రాచలం రోడ్' స్టేషన్లో రైలు దిగి, రాములవారి గుడి ఏదీ అని వెతుక్కున్న యాత్రికులు ఎంతమందో! ఆ స్టేషను వున్నది కొత్తగూడెంలో. అక్కణ్ణించి ఇంకో 40 కిలోమీటర్లు బస్సెక్కాలి.

ఆ ఒక్క దారీ ఇరుకైంది

టీచరు కొలువు మీద ఏజెన్సీ పిల్లలకు ఇంత ఆశ వుండటానికి గట్టి కారణమే వుంది. 2000 సంవత్సరం జనవరి 10న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడో నెంబరు జి.ఓ. ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే, అందులో మూడో వంతు ఆడవాళ్లకు అని. మైదానం నుంచి వచ్చే టీచర్లు అడవి వూళ్లలో నిలవరు, బడి తలుపు తెరుచుకోదు, పిల్లల భాష వాళ్లకు రాదు అన్నదే దాని వెనకున్న బాధ. ఆ జి.ఓ. పుణ్యమా అని ఎన్నో గూడేల్లో మొట్టమొదటి నెల జీతం ఒక ఆడపిల్ల చేతికి వచ్చింది. ఇంటర్ చదివి, టీచర్ ట్రైనింగు చేస్తే ఉద్యోగం ఖాయం అన్న ధీమా ఏర్పడింది. తల్లులు కూడా ఆ లెక్కతోనే కూతుళ్లను చదివించారు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ జి.ఓ.ను కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధం అంది. అప్పటికే ఉద్యోగాల్లో వున్నవాళ్లను తీసేయలేదు గానీ, ఇకముందు పరిమితి దాటవద్దని షరతు పెట్టింది. సరిగ్గా కరోనా లాక్‌డౌన్ రోజులు! హాస్టళ్లు మూసేసి పిల్లలంతా ఇళ్లలో వున్నారు. ఆ వార్త ఎంతమంది పిల్లలకు చేరిందో గానీ, దాని అర్థం ఏమిటో కూర్చోబెట్టి చెప్పిన వాళ్లు మాత్రం తక్కువ. నేను చీటీలు తీసుకున్న బళ్లో పదో తరగతి పిల్లల్లో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. "మా అక్కకు వచ్చినట్టే మాకూ వస్తది కదా మేడమ్?" అని అమాయకంగా అడిగింది ఒక పిల్ల.

టీచరు దారి మూసుకుపోయిందని కాదు, పోటీ పెరిగింది. తెలంగాణలో 2022లో గిరిజనుల రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. 2024 డి.ఎస్.సి.లో 11,062 పోస్టులు ప్రకటించారు. కానీ 'ఖాయం' అన్న మాట పోయింది. ఒక్క దారినే నమ్ముకున్న పిల్లకు రెండో దారి, మూడో దారి చూపించాల్సిన అవసరం అందుకే ఇప్పుడు వచ్చిపడింది.

మిరప కోత, తునికాకు... మధ్యలో దరఖాస్తులు

మన పట్నం లెక్కలో చదువుల క్యాలెండరు జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. అడవి అంచున ఇంకో క్యాలెండరు వుంది. జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలు. ఖమ్మం మార్కెట్‌కు వచ్చే ఎర్ర బంగారం వెనక ఈ గూడేల ఆడవాళ్ల వేళ్ల మంటలున్నాయి. తల్లి కోతకు పోతే ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకునేందుకు పెద్ద కూతుర్ని హాస్టల్ నుంచి పిలిపించుకుంటారు. సరిగ్గా ప్రీఫైనల్ పరీక్షలప్పుడు! కోతలు అయ్యేసరికి ఇప్పపువ్వు రాలుతుంది. ఏప్రిల్ చివరా, మే నెలలోనూ తునికాకు. ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవిలో వుంటారు.

ఇక ప్రభుత్వం వారి క్యాలెండరు చూడండి. పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష పాలీసెట్‌కు 2025లో మామూలు ఫీజుతో దరఖాస్తు గడువు ఏప్రిల్ మూడో వారంలోనే అయిపోయింది. పదో తరగతి ఫలితాలు వచ్చింది ఏప్రిల్ 30న. అంటే 'పాసైతే చూద్దాంలే' అని ఆగిన పిల్లకు, పాసయ్యేసరికి గడువు దాటిపోయింది. మన పిల్లల చేతిలో ఫోనుంది, నెట్టుంది, పక్కింట్లో ఇంజినీరు అంకుల్ వున్నాడు. ఆ పిల్లకు సిగ్నల్ కావాలంటేనే గుట్టెక్కాలి.

ఇంకొకటి కూడా వుంది. పదో తరగతితో చాలా ఆశ్రమ పాఠశాలల్లో చదువు అయిపోతుంది, దాంతో హాస్టలూ అయిపోతుంది. ఒక సాయంత్రం చర్ల దారిలో బస్సు కోసం చూస్తూ, మిరపతోట నుంచి వస్తున్న తల్లీకూతుళ్లతో మాటలు కలిపాను. కూతురు అంతకుముందు ఏడాదే పది పాసైంది, మంచి మార్కులే. మరి కాలేజీ? తల్లి చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తే. "పది దాక హాస్టల్ల ఉండె, తిండికి బట్టకు దిగులు లేదు మేడమ్. ఇప్పుడు ఏడ ఉంచాలె? రోజూ బస్సుల పోయిరావాలంటే పొద్దుగూకినాక మా వూరికి బస్సే లేదు. ఇంట్ల ఒక్కదాన్ని ఉంచలేను, నాతోటి తోలుకపోతున్న." ఆమె చదువుకు అడ్డంపడే మనిషి కాదు. పదో తరగతి దాకా పంపిన తల్లే. ఆమె అడుగుతున్నది, పిల్ల ఎక్కడ పడుకుంటుంది అని! అలా ఏడాది ఇంట్లో వుంటే తర్వాత వచ్చే మాట పెళ్లి. పద్దెనిమిది నిండలేదని మనం చట్టం చెబుతాం, ఇంట్లో ఎదిగిన పిల్లను పెట్టుకుని కూలికి పోయే తల్లి తన భయం చెబుతుంది.

అందుకే ఈ ప్రాంతంలో ఆడపిల్లకు ఏ కోర్సు అన్నది రెండో ప్రశ్న. హాస్టల్ వున్న సీటు ఎక్కడ అన్నది మొదటిది. గిరిజన సంక్షేమ గురుకుల జూనియర్ కాలేజీలు, ఇంటర్ దాకా పెంచిన కస్తూర్బా విద్యాలయాలు, కాలేజీ పిల్లల కోసం ఐ.టి.డి.ఏ. హాస్టళ్లు... ఇవి వున్నాయి. వున్నాయని మార్చిలోపే చెప్పాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు కాబట్టి భద్రాచలమో, కొత్తగూడెమో పోయి కాలేజీ, హాస్టల్ ముందే చూసి రావచ్చు. బస్సున్న వూరి వాళ్లకు లెండి!

నిచ్చెన మెట్లు

పదో తరగతి తర్వాత ఇంటర్ ఒక్కటే అనుకుంటారు చాలామంది. ఐ.టి.ఐ. అంటే 'చదువు రాని మగపిల్లలు చేరేది' అని మన పట్నం తల్లుల్లోనే ఒక చిన్నచూపు వుంది. అందుకని ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలనిపిస్తోంది.

ఒకమ్మాయి పది పాసై ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియనో, డ్రాఫ్ట్స్‌మనో రెండేళ్లు చదివిందనుకోండి. అక్కడితో ఆగిపోనక్కర్లేదు. ఎల్.పి.సెట్ రాస్తే పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బి.టెక్. రెండో సంవత్సరంలో చేరవచ్చు. మధ్యలో ఏ మెట్టు మీద ఆగినా చేతిలో ఒక పని వుంటుంది. ఇంటి పరిస్థితి బాగాలేక రెండేళ్లు వుద్యోగం చేసి మళ్లీ పై మెట్టు ఎక్కవచ్చు. ఇంటర్ ఎం.పి.సి.లో చేరి మధ్యలో మానేస్తే ఆ పిల్ల చేతిలో మళ్లీ పదో తరగతి మెమో ఒక్కటే మిగులుతుంది. లెక్కలు ఇష్టమై, డబ్బు లేని పిల్లకు ఏది మంచిదో మీరే చెప్పండి.

అలాగే ఇంటర్‌లో వొకేషనల్ గ్రూపులు. ల్యాబ్ టెక్నీషియన్, ఆరోగ్య కార్యకర్త కోర్సులు ఆడపిల్లలు ఇష్టంగా తీసుకుంటారు. కానీ వాటితో పాటు బ్రిడ్జి కోర్సు కూడా రాస్తేనే తర్వాత మామూలు ఇంటర్ పిల్లలతో సమానంగా పై చదువులకు వెళ్లగలరని చేరేటప్పుడే చెప్పాలి. రెండేళ్ల తర్వాత తెలిస్తే ఏం లాభం? వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా పదో తరగతి మీద రెండేళ్లలో అయిపోతుంది. పుట్టినప్పటి నుంచి పొలం, అడవి చూస్తున్న పిల్లకు అది కొత్త లోకమేమీ కాదు.

ఇక ఎనిమిదో తరగతిలోనే జారిపోయేది ఒకటుంది. నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్ అని కేంద్రం ఇస్తుంది. ప్రభుత్వ బడి, ఎయిడెడ్ బడి పిల్లలు ఎనిమిదిలో పరీక్ష రాసి నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ఇంటి నుంచి బడికి పోయివచ్చే పిల్లలకే ఇది, ప్రభుత్వ గురుకులాల్లో వుండేవాళ్లకు రాదు. మిరప కోతకు పోయే కుటుంబానికి ఆ డబ్బంటే ఏమిటో వేరే చెప్పాలా?

ఇవన్నీ పిల్లలకు చెప్పే మనిషి బళ్లో వుండాలన్నది కొత్త ఆలోచనేమీ కాదు. 1908లో అమెరికాలో బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన వలస కుటుంబాల పిల్లలకు, కార్మికుల పిల్లలకు దారి చూపించేందుకు ఒక బ్యూరో తెరిచారు. మన దేశంలో 1952-53 మొదలియార్ కమిషన్ హైస్కూళ్లలో కెరీర్ మాస్టర్లు వుండాలని సిఫారసు చేసింది. 1964-66 కొఠారీ కమిషన్ అయితే ప్రాథమిక బడి నుంచే మొదలుపెట్టాలంది. ఫిన్లాండ్‌లో ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో కలిపి 76 గంటలు టైంటేబుల్లోనే పెట్టి దీన్ని ఒక సబ్జెక్టులా చెబుతారు. మనకు డెబ్బై ఏళ్ల కిందటి సిఫారసు కాగితం మీద వుంది. బళ్లో కెరీర్ మాస్టర్ పని ఎవరు చేస్తున్నారంటే, సిలబస్ పూర్తిచేయలేక సతమతమయ్యే ఏ సోషల్ టీచరో ఫేర్‌వెల్ రోజున పావుగంట చేస్తున్నారు.

కాగితాల గొడవ

సరిహద్దు వూళ్లలో ఇంకో చిక్కు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం లాంటి మండలాలు, భద్రాచలం మండలంలోని వూళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో మిగిలింది. వూరు దాటి నాలుగడుగులు వేస్తే ఎటపాక, అది ఆంధ్ర! ఇల్లు ఒక రాష్ట్రంలో, బడి ఇంకో రాష్ట్రంలో వున్న పిల్లలు ఎంతోమంది. తెలంగాణలో ఉద్యోగాలకు 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడు తరగతుల మధ్య కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారో చూస్తారు. మెడికల్ సీట్లకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివి వుండాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి 'ఏ హాస్టల్లో సీటు దొరికితే అక్కడ వేద్దాం' అనుకునే ముందు, ఆ బడి ఏ రాష్ట్రంలోదో చూసుకోండమ్మా. తొమ్మిదో తరగతిలో చేసిన మార్పు పన్నెండో తరగతిలో బయటపడుతుంది.

ఆధార్‌లో ఇంటిపేరు ఒక తీరు, బడి రిజిస్టరులో ఇంకో తీరు వుంటుంది. సోడి, సోడె, మడివి, మడవి... రాసుకునే గుమస్తా చెవిని బట్టి! కౌన్సెలింగు బల్ల దగ్గర ఈ ఒక్క అక్షరం కోసం వెనక్కి పంపిస్తారు. పదో తరగతి మెమో అచ్చయ్యాక దిద్దించుకోవడం పెద్ద పని. తొమ్మిదిలోనే చూసుకుంటే ఒక్క అర్జీతో పోతుంది.

కాగితమే లేని పిల్లలూ వున్నారు. 2005 తర్వాత సల్వాజుడుం రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయ కుటుంబాలవి. అక్కడ గిరిజనులే, ఇక్కడ మాత్రం ఎస్.టి. పత్రం రాదు. చదువులో ముందున్న పిల్ల కూడా ఆ గీత దగ్గర ఆగిపోతుంది. వీళ్ల సంగతి మీద పరిశోధన చేసి 2022లో ఉస్మానియా నుంచి డాక్టరేటు తీసుకున్నది ఎవరనుకున్నారు? ములుగు ఎమ్మెల్యే సీతక్క గారు. కోయ అమ్మాయిగా పుట్టి, అజ్ఞాతంలోకి వెళ్లి, బయటికొచ్చి లా చదివి, వకీలుగా ప్రాక్టీసు చేసి, 2023లో మంత్రి అయ్యారు. ఆమె రాజకీయాలు మనకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. కానీ ఆ బళ్లో పిల్లలకు ఆమె సినిమా హీరోయిన్‌లా తెలుసు గానీ, లాయరుగా తెలియదు. లాయరు కావడానికి ఏం చదవాలో ఒక్కరూ చెప్పలేకపోయారు.

చర్ల మండలం పిల్లవాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్ సంగతీ అంతే. అన్నపురెడ్డిపల్లి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న మాలావత్ పూర్ణతో కలిసి ఎవరెస్టు ఎక్కాడు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ల పదకొండు నెలలు. కొండలెక్కడం కూడా ఒక విద్య అని వాళ్లకు ముందు తెలుసా? భువనగిరి గుట్ట దగ్గరికి ఎవరో తీసుకెళ్లి తాడు చేతికిచ్చారు కాబట్టి తెలిసింది.

అమ్మల భయాలు

'గనిలో ఉద్యోగం ఆడపిల్లకా?' అంటారు. 1952 గనుల చట్టం ప్రకారం భూగర్భంలో ఆడవాళ్లు పనిచేయకూడదన్న నిషేధం వుండేది. 2019 జనవరిలో కేంద్రం ఆ నిషేధాన్ని సడలించింది. టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజరు కొలువుల్లో పగటివేళ, వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ఒక షిఫ్టులో కనీసం ముగ్గురు ఆడవాళ్లుండేలా పనిచేయవచ్చని అప్పుడు చెప్పింది. భూగర్భ గనులకు సెకండ్ క్లాస్ మేనేజరు సర్టిఫికెట్ తెచ్చుకున్న దేశంలోని తొలి మహిళ మన తెలంగాణ అమ్మాయే! మైనింగ్ చదువు దూరాన కూడా లేదు, కొత్తగూడెంలోనే వుంది. 1970ల నుంచి వున్న ఆ మైనింగ్ కాలేజీని 2025లో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మార్చి మన్మోహన్ సింగ్ గారి పేరు పెట్టారు.

ఫారెస్టు ఉద్యోగం అంటే భయం వేరు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక రేంజ్ అధికారిని పోడు గొడవలో చంపేశారు. ఆ తర్వాత ఏ తల్లి అయినా వెనకాడుతుంది. నేనైనా అంతే. పోడు చేసుకునే ఇంటి పిల్ల అదే యూనిఫారం వేసుకుంటే వూళ్లో ఎలా చూస్తారో అన్నది ఇంకో భయం. ఈ ప్రశ్నలకు నా దగ్గర జవాబుల్లేవు. కానీ బీట్ ఆఫీసరుగా పనిచేస్తున్న ఆడపిల్లలు ఇప్పుడు వున్నారు. జవాబు వాళ్ల నోట వినాలి. 'ఫారెస్టు సార్' అని రాసిన పిల్లను అలాంటి ఒక్కామె ముందు కూర్చోబెడితే, ఆ తర్వాత కావాలో వద్దో ఆ పిల్లే తేల్చుకుంటుంది.

2020 జాతీయ విద్యావిధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేని రోజులు పెట్టమన్నారు. ఆ పది రోజుల్లో ఒక్క రోజు సారపాక మిల్లు ల్యాబ్, ఒక్క రోజు అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల చూపిస్తే చాలదూ? బస్సు డీజిల్ ఖర్చు మించి కావలసిందేముంది!

మేం మాత్రం ఈ వేసవికి ఇంకో చోటు అనుకుంటున్నాం. తునికాకు కల్లం. పొద్దున కోసిన ఆకును మధ్యాహ్నం యాభై ఆకులకో కట్ట కట్టి, సాయంత్రం కల్లానికి తెస్తారు. కల్లేదారు లెక్క చూసుకునేదాకా తల్లీ పిల్లా అక్కడే వుంటారు. తల్లికి వేరుగా, పిల్లకు వేరుగా చెప్పే పని వుండదు. నేనూ, పక్కవీధిలోని ఒక రిటైర్డు టీచరమ్మా, హాస్టల్ నుంచి డిగ్రీ చదువుతున్న ఇద్దరు కోయ అమ్మాయిలూ కలిసి వెళ్లాలని మాట. ఆ అమ్మాయిలు కోయ భాషలో చెబుతారు. పాలీసెట్‌కు తొమ్మిదో తరగతి పిల్లల్ని వచ్చే ఏడాదికి సిద్ధం చేయడం, పది రాసిన పిల్లలకు గురుకులం, ఐ.టి.ఐ. గడువులు చెప్పడం, ఆధార్‌లో పేరు చూడటం... ప్రస్తుతానికి ఇంతే. కల్లేదారును అడిగాం. "లెక్కకు అడ్డం రాకుంటే కూసోండి మేడమ్, కాకపోతే లైటు లేదు, టార్చి మీరే తెచ్చుకోవాలె" అన్నాడు.